చెమట ఆరని బట్ట: చల్లటి అంగీ కథలో మన పాలు ఎంత?

వార్షికోత్సవ సంచిక అనగానే మనం వృత్తి పుట్టుకతోనే మొదలుపెడతాం. పద్మశాలీలమైతే భావనారుషి తామరతూడు నారతో దేవతలకు వస్త్రం నేసిన కథ చెప్పుకుంటాం. దేవాంగులమైతే దేవల మహర్షిని తలుచుకుంటాం. కథలు వేరైనా సారం ఒక్కటే: బట్ట ఒంటిని కాపాడాలి. ఎండ నుంచి, చలి నుంచి, నలుగురి చూపు నుంచి.

ఈసారి మేము ఆ కథకు అవతలి వైపు చెప్పదలిచాం. కాపాడటానికి వేసుకున్న బట్టే లోపలి మనిషిని ఉడకబెడితే ఎలా? ఇది ఊహించుకుని వేసిన ప్రశ్న కాదు. 2020లో కరోనా వార్డుల్లో నర్సులుగా, ల్యాబు టెక్నీషియన్లుగా, అంబులెన్సు డ్రైవర్లుగా పనిచేసిన పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. తల నుంచి కాలి దాకా మూసేసిన ఆ తెల్ల సూటు విప్పాక లోపలి బట్టలు పిండితే నీళ్ళు కారేవని వాళ్ళు చెప్పగా విన్నాం. రోగం భయం ఒక ఎత్తు, ఆ ఉక్క ఒక ఎత్తు. ఆ ఉక్కను ఎదుర్కోవడానికి ప్రపంచంలో ఎవరెవరు ఏమేం చేశారు, ఒంటికి తొడుక్కునే చల్లదనం అనే మాట ఎక్కడ పుట్టింది, అందులో నేతపనివాళ్ళకూ కుట్టుపనివాళ్ళకూ ఉన్న పాలు ఎంత అన్నదే ఈ వ్యాసం.

తడి తువ్వాలు చెప్పే పాఠం

ముందు ఇంట్లో ఉన్న వస్తువుతో మొదలుపెడదాం. సోలాపురంలో ఏప్రిల్ ఎండలో బయటికి పోవాలంటే తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుంటాం. పది నిమిషాల్లో తల చల్లబడుతుంది. అదే తువ్వాలు అదే నెలలో యానాంలో గోదావరి గట్టున వేసుకుంటే అంత చల్లదనం ఉండదు. తువ్వాలు ఒక్కటే, నీళ్ళూ ఒక్కటే. తేడా అంతా గాలిది. సోలాపురం గాలి పొడిగా ఉండి తడిని లాగేసుకుంటుంది. యానాం గాలికి అప్పటికే కడుపు నిండి ఉంటుంది, ఇంకా తాగలేదు.

మన ఒళ్ళు కూడా ఆ తువ్వాలు లాంటిదే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది, పాతకాలం నాటి పెద్ద బల్బు అంత. బరువు మోస్తూ నడిస్తే అది 300 వాట్ల దాకా పోతుంది. పార పట్టి తవ్వితే ఇంకా ఎక్కువ. తిన్న తిండిలోని శక్తిలో పనికి పోయేది నాలుగో వంతు కూడా ఉండదు, మిగిలిందంతా వేడే. ఆ వేడిని బయటికి పంపడానికి ఒంటికి ఉన్న పెద్ద ఆధారం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. గంటకు ఒక లీటరు ఆరిందంటే దాదాపు 670 వాట్లు బయటికి పోయినట్టే. చాలా మటుకు కష్టమైన పనులకు అది చాలుతుంది.

కానీ ఇక్కడో మెలిక ఉంది. చెమట ఆరితేనే లాభం. కారిపోతే లాభం లేదు. నీళ్ళూ ఉప్పూ పోతాయి గానీ వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. గాలి చొరని సూటు వేసుకున్నవాడు ఎండాకాలం సోలాపురంలో ఉన్నా సరే, అతని ఒంటి చుట్టూ ఉన్నది యానాం గాలే. కాసేపటికి అంతకంటే అధ్వానం. చెమట ధారగా కారుతుంది, ఒక్క చుక్క ఆరదు.

నేత షెడ్డులోనే మొదలైన లెక్క

తేమతో కలిసిన వేడి మనిషిని ఏం చేస్తుందో ప్రభుత్వాలు మొదట లెక్కగట్టిన చోట్లలో ఒకటి నేత షెడ్డు అని మనలో ఎంతమందికి తెలుసు?

పోగు ఎండితే తెగుతుంది. ఇది మనకెవరూ చెప్పక్కర్లేదు. గుంట మగ్గాన్ని నేలలోకి దించి వేసుకోవడానికి ఉన్న కారణాల్లో ఆ నేల చెమ్మ కూడా ఒకటి. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల వాళ్ళకూ ఇదే బాధ. పైగా వాళ్ళు పడుగుకు చైనా మట్టి కలిపిన చిక్కటి గంజి పట్టించేవాళ్ళు. అలాంటి పడుగు తెగకుండా నడవాలని షెడ్డులోకి ఆవిరి వదిలేవాళ్ళు. పోగు బాగుండేది, పనివాళ్ళు మాత్రం తడి వేడిలో రోజంతా నానేవాళ్ళు. వాళ్ళ గోల పెరిగి, 1889లో బ్రిటిష్ పార్లమెంటు నేత షెడ్డుల కోసమే ఒక చట్టం చేసింది. ఇంత వేడి ఉంటే గాలిలో ఇంతకు మించి తేమ ఉండకూడదని అందులో పట్టిక పెట్టారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 15వ సెక్షన్ కృత్రిమంగా తేమ పెంచడం గురించే మాట్లాడింది. దాని వెనక ఉన్నది ఈ పాత బాధే.

తర్వాత 1905లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరశాస్త్రవేత్త కార్న్‌వాల్ గనుల్లోనూ ఇతర చోట్లా పరీక్షలు చేసి ఒక మాట తేల్చాడు. మనిషి ఎంత వేడికి తట్టుకోగలడో మామూలు థర్మామీటరు చెప్పదు. దాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి చూడాలి. గాలి కదలని చోట ఆ తడిబుడ్డి సుమారు 31 డిగ్రీలు దాటితే, చొక్కా విప్పి ఊరికే కూర్చున్నవాడికి కూడా ఒంటి వేడి పెరగడం మొదలవుతుంది. గమనించారా, ఇక్కడా కొలత పట్టింది ఒక చిన్న గుడ్డముక్కే.

1950ల్లో అమెరికా మెరీన్ సైనికుల శిక్షణ శిబిరాల్లో వడదెబ్బ చావులు తగ్గించడానికి యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు ఆ తడిబుడ్డి లెక్కకు ఎండ తాపాన్నీ మామూలు వేడినీ కలిపి కొత్త సూచిక తయారుచేశారు. తడిబుడ్డికి పదిలో ఏడు పాళ్ళు, ఎండను పట్టే నల్ల గోళానికి రెండు, మామూలు థర్మామీటరుకు ఒకటి. ఈ రోజుకీ ఫ్యాక్టరీల్లో వేడిని కొలిచే ముఖ్యమైన పద్ధతి ఇదే.

ఈ సూచికకు తర్వాత ఇంకో పట్టిక చేరింది. నేతవాళ్ళుగా మనం తప్పక చూడాల్సిన పట్టిక అది. ఏ బట్ట వేసుకుంటే కొలతకు ఎన్ని డిగ్రీలు కలపాలి అన్నది అందులో ఉంటుంది. మామూలు నేత బట్టతో కుట్టిన ఒక పొర పనిదుస్తులకు కలపాల్సింది సున్నా. అదే నేత బట్ట రెండు పొరలైతే 3 డిగ్రీలు. ఆవిరి కూడా చొరని ప్లాస్టిక్ పూత సూటుకు 11 డిగ్రీలు. బయట సూచిక 28 చూపిస్తుంటే సూటులోని మనిషికి అది 39తో సమానమన్నమాట. మన మగ్గం గుడ్డకున్న విలువ ఎవరో పొగడ్తగా చెప్పింది కాదు, ఆ సున్నాలోనే ఉంది. పడుగుకూ పేకకూ మధ్య మిగిలే సందు లోపం కాదు. ఒళ్ళు ఊపిరి పీల్చుకునే దారి అదే.

సందు మూస్తే వచ్చిన చిక్కు

ఆ సందును పూర్తిగా మూసే ప్రయత్నం 1823లో గట్టిగా మొదలైంది. ఆ ఏడాది గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింతోష్ రెండు బట్టల మధ్య రబ్బరు పొర అంటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వాన లోపలికి రాదు, చెమట బయటికి పోదు. వేసుకున్నవాళ్ళు అప్పుడే గొణిగారు. ఆ తర్వాత ఈత సూట్లు, గ్యాస్ సూట్లు, రసాయన ఫ్యాక్టరీల సూట్లు, అన్నిటిదీ అదే కథ. బయటి ముప్పు ఎంత పెద్దదైతే లోపలి ఉక్క అంత ఎక్కువ.

ఈ చిక్కు ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది అంతరిక్షంలో. 1965 మార్చి 18న సోవియట్ యాత్రికుడు అలెక్సీ లియోనోవ్ మొట్టమొదటిసారి నౌక బయటికొచ్చి సుమారు పన్నెండు నిమిషాలు శూన్యంలో తేలాడు. సూటు బెలూనులా ఉబ్బిపోయింది. లోపలి గాలిని కొంత వదిలితే గానీ తిరిగి నౌకలో దూరలేకపోయాడు. ఆ పెనుగులాటలో చెమటతో తడిసి ముద్దయ్యాడు.

మరుసటి ఏడాది జూన్ 5న అమెరికా జెమిని 9 యాత్రలో యూజీన్ సెర్నాన్ రెండు గంటలకు పైగా బయట పనిచేశాడు. అతని సూటులో చల్లదనానికి ఉన్నది గొట్టంలో వచ్చే గాలి ఒక్కటే. ఊరికే తేలుతుంటే అది చాలేదేమో. పట్టు దొరకని చోట ప్రతి చిన్న పనికీ ఒళ్ళంతా బిగపట్టాల్సి వచ్చింది. గుండె నిమిషానికి 180 సార్ల దాకా కొట్టుకుంది. చెమట ఆవిరై ముఖం ముందున్న అద్దానికి మంచులా పట్టి చూపు మూసుకుపోయింది. ముక్కుతో అద్దం మీద కాస్త తుడుచుకుని ఆ చిన్న కంతలోంచి చూస్తూ వెనక్కి వచ్చాడు. పరీక్షించాల్సిన రాకెట్టు సంచిని పరీక్షించకుండానే ఆపేశారు. గాలితో పని జరగదని ఆ రోజు తేలిపోయింది.

లోదుస్తులో నీటి కాలవలు

జవాబు అంతకు ముందే ఇంగ్లండులో ఒక బల్ల మీద తయారవుతోంది. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో బర్టన్, కాలియర్ అనే ఇద్దరు 1960ల మొదట్లో పైలట్ల కోసం ఒక లోదుస్తు చేశారు. ఒంటిని అంటుకునే పలచని దుస్తు, దాని పొడుగునా సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటిలో చల్లటి నీళ్ళు. అంతే.

గాలి బదులు నీళ్ళు ఎందుకు? ఒక లీటరు నీరు మోసే వేడిని మోయడానికి మూడు వేల లీటర్లకు పైగా గాలి కావాలి. ఊరంతా గాలి తోలే పంకా బదులు చిటికెన వేలంత పంపు చాలన్నమాట. పైగా చెమట పట్టకముందే చర్మం నుంచి నేరుగా వేడిని లాగేయొచ్చు. చెమట ఆరని చోట చెమటే పట్టకుండా చేయడం, ఇదీ అసలు కిటుకు.

అమెరికా ఆ ఆలోచనను అపోలో సూట్లలో వాడింది. చంద్రుడి మీద నడిచినవాళ్ళు అందరికంటే లోపల వేసుకున్నది నైలాన్ స్పాండెక్స్ జాలీ బట్టకు గొట్టాలు కుట్టిన ఒక తొడుగు. గొట్టాలు గుచ్చుకోకుండా లోపల పలచని నైలాన్ షిఫాన్ అస్తరు. వేడెక్కిన నీళ్ళు వీపు మీది పెట్టెలోకి పోయి చల్లబడి తిరిగొచ్చేవి. ఆ పెట్టెలో ఇంకొన్ని నీళ్ళను సన్నటి రంధ్రాల పలక గుండా శూన్యంలోకి వదిలేవాళ్ళు. అవి గడ్డకట్టి, మంచు నేరుగా ఆవిరైపోతూ వేడిని తీసుకుపోయేవి. మన మట్టి కుండ చేసే పనే, కాకపోతే చంద్రుడి మీద. ఇప్పటి అంతరిక్ష కేంద్రం సూట్లలో ఉన్న ఇలాంటి తొడుగులో గొట్టాల పొడుగు సుమారు 91 మీటర్లు.

ఆ అపోలో సూట్లు ఎవరు కుట్టారు? ఈ భాగం మన ఆడపడుచులు చదివి తీరాలి. డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌లో, ఆడవాళ్ళ లోదుస్తులు అమ్మే కంపెనీకి చెందిన ఒక శాఖ ఆ పని చేసింది. ప్లేటెక్స్ అన్న పేరుతో అమ్ముడయ్యేవి ఆ లోదుస్తులు. కుట్టు మిషన్ల ముందు కూర్చున్న స్త్రీలే చంద్రుడి బట్టలు కుట్టారు. గుండుసూది ఒక్కటి పొరల మధ్య మిగిలిపోయినా మనిషి ప్రాణం పోతుంది గనక సూదులకు లెక్క ఉండేది, కుట్టిన పొరలకు ఎక్స్‌రే ఉండేది. ఇంజనీర్లు గీసిన బొమ్మకూ ఒంటికి సరిపడే కుట్టుకూ మధ్య ఉన్న దూరాన్ని దాటించింది వాళ్ళ చేతివేళ్ళు. చరిత్ర పుస్తకాల్లో రాకెట్టు బొమ్మ ఉంటుంది, మిషను ముందు కూర్చున్న మనిషి బొమ్మ చాలా అరుదుగా ఉంటుంది.

ఇంత చేసినా ఈ యంత్రం ప్రమాదం లేనిది కాదు. 2013 జూలై 16న ఇటలీ యాత్రికుడు లూకా పర్మిటానో అంతరిక్ష కేంద్రం బయట ఉండగా చల్లదనపు నీళ్ళు దారి తప్పి శిరస్త్రాణంలోకి వచ్చాయి. సుమారు లీటరున్నర నీళ్ళు. బరువు లేని చోట నీళ్ళు కిందికి జారవు, ముక్కుకూ కళ్ళకూ అంటుకుని ఉండిపోతాయి. శూన్యంలో మునిగి చనిపోయే పరిస్థితి. తడుముకుంటూ లోపలికొచ్చి బతికాడు. కాపాడే వస్తువుకు మళ్ళీ కాపలా కావాలన్న మాట ఇక్కడా నిజమే.

భూమి మీద బరువే శత్రువు

చంద్రుడి మీద వీపు పెట్టె బరువు ఆరో వంతే. భూమి మీద అలా కాదు. మోసే ప్రతి కిలో మళ్ళీ ఒంట్లో వేడి పుట్టిస్తుంది. చల్లబరిచే యంత్రం మోయడానికే ఒళ్ళు వేడెక్కితే ఇక ఉపయోగమేంటి? అందుకే తేలికగా చేయడం సోకు కాదు, అసలు సమస్యే అది.

దక్షిణాఫ్రికా బంగారు గనుల వాళ్ళు 1970ల మొదట్లో సులువైన దారి పట్టారు. లోతైన గనుల్లో రాయే వేడిగా ఉంటుంది, గాలిలో తేమ నిండి ఉంటుంది. ఐసు నింపిన జేబుల జాకెట్టు వేసి పనికి పంపి చూశారు. పంపు లేదు, బ్యాటరీ లేదు. లెక్క కూడా మనమే వేసుకోవచ్చు. ఒక కిలో ఐసు కరిగేటప్పుడు 334 కిలోజౌళ్ళు పీలుస్తుంది, ఆ నీళ్ళు ముప్పై డిగ్రీల దాకా వెచ్చబడేసరికి ఇంకో 125 దాకా. 300 వాట్ల పని గంటసేపు చేస్తే పుట్టే వేడి 1,080 కిలోజౌళ్ళు. అంటే గంటకు దాదాపు రెండున్నర కిలోల ఐసు. నాలుగు గంటలకు పది కిలోలు. ఐసు మరీ చల్లగా ఉంటే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రావడమే తగ్గుతుంది, ఇది ఇంకో తంటా.

ఆ చలి బాధ లేకుండా ఇరవై, ముప్పై డిగ్రీల మధ్య కరిగే మైనం లాంటి పదార్థాలు వచ్చాయి. చర్మానికి హాయి, మళ్ళీ గడ్డకట్టించడమూ తేలిక. కానీ కిలోకు సుమారు 200 కిలోజౌళ్ళే పీలుస్తాయి గనక అదే గంటకు ఐదు కిలోలు మోయాలి. హాయి పెరిగింది, బరువూ పెరిగింది.

హెలికాప్టరు నడిపే అమెరికా సైనికులకు గొట్టాల చొక్కా ఇచ్చి, నీళ్ళను చల్లబరిచే చిన్న ఫ్రిజ్ లాంటి యంత్రాన్ని హెలికాప్టరులోనే బిగించారు. సీట్లో కూర్చున్నంతసేపే చల్లదనం, దిగితే లేదు. జపానులో సోనీ కంపెనీలో పనిచేసి వచ్చిన ఇచిగయా హిరోషి అనే ఇంజనీరు ఇంకో వైపు ఆలోచించాడు. చొక్కాకే రెండు చిన్న పంకాలు బిగించి, ఒంటికీ బట్టకూ మధ్య గాలి తోలితే చెమట ఆరుతుంది కదా! 2004లో అందుకోసమే కంపెనీ పెట్టాడు. ఈ రోజు జపాను భవన నిర్మాణ కూలీల వీపు మీద ఆ ఉబ్బిన చొక్కాలు మామూలు దృశ్యం. కొన్ని వాట్ల బ్యాటరీతో నడుస్తుంది, బరువు లేదు. అసలు పని చేసేది మనిషి చెమటే, పంకా దానికి సాయం మాత్రమే. అయితే బయటి గాలినే లోపలికి లాగుతుంది గనక విషవాయువు ఉన్న చోట, అంటురోగం ఉన్న చోట వడపోత లేకుండా పనికిరాదు. గాలి తేమగా ఉంటే యానాం తువ్వాలు సంగతే.

ఇలా చూస్తే ఏ ఒక్కటీ అందరికీ సరిపోయే అంగీ కాదని తెలుస్తుంది. ఐసుకు బరువు, నీటికి పంపు, ఫ్రిజ్‌కు కరెంటు, పంకాకు మంచి గాలి. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు పనిచేస్తారన్నదాన్ని బట్టే ఎంచుకోవాలి.

పెళ్ళి గౌను కుట్టే చేయి

2014లో గినీ, లైబీరియా, సియర్రా లియోన్ దేశాల్లో ఎబోలా ప్రబలినప్పుడు ఈ సమస్య గడప లోపలికి వచ్చింది. పూర్తిగా మూసిన సూట్లలో ఆ ఎండకు వైద్యులూ నర్సులూ గంటకు మించి పనిచేయలేకపోయారు. రోగి ఎదురుగా ఉన్నా బయటికి రాక తప్పేది కాదు. అంతకన్నా ప్రమాదం విప్పేటప్పుడు. అలసిపోయి, తల తిరుగుతుండగా, ఇరవై దాకా మెట్ల క్రమం తప్పకుండా విప్పాలి. ఒక్క పొరపాటుతో రోగం అంటుకుంటుంది. ఉక్క అంటే వట్టి అసౌకర్యం కాదు, అది చేతిని వణికిస్తుంది, మతిని మరపిస్తుంది.

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్త సూటు నమూనా చేసేటప్పుడు ఇంజనీర్లతో పాటు బాల్టిమోర్‌లో పెళ్ళి గౌన్లు కుట్టే జిల్ ఆండ్రూస్‌ని కూడా జట్టులో చేర్చుకున్నారు. జిప్పును వెనక్కి మార్చారు, చేతులు తగలకుండా పురుగు గూటిలోంచి బయటపడ్డట్టు విప్పుకునేలా కుట్టారు, తలతొడుగులోకి బ్యాటరీతో పొడి గాలి తోలే ఏర్పాటు పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ నమూనాను సాయానికి ఎంపిక చేసింది. చంద్రుడి సూటు దగ్గర లోదుస్తుల కుట్టుపని, ఎబోలా సూటు దగ్గర పెళ్ళి గౌను కుట్టుపని. రెండుసార్లూ చివరి ముడి వేసింది సూదీ దారమే.

2020 వచ్చేసరికి ఆ సమస్య మన వీధికి వచ్చింది. ఆ ఏడాది మొదట్లో మన దేశంలో ఇలాంటి సూట్ల తయారీ దాదాపు లేదు. కొన్ని నెలల్లోనే రోజుకు లక్షల్లో తయారయ్యే స్థితికి వచ్చాం. బట్టలోంచి రక్తం లాంటి ద్రవం లోపలికి దూరుతుందా అన్న పరీక్ష చేసిన ముఖ్య సంస్థ కోయంబత్తూరులోని సిట్రా. తరతరాలుగా మన దేవాంగ కుటుంబాలు మగ్గం వేసుకు బతికిన ఊరు అది. కుట్టు రంధ్రాలను మూసే టేపు దొరక్కపోతే, రక్షణ పరిశోధన సంస్థ జలాంతర్గాములకు వాడే జిగురు అనుభవంతో వేరే మందు తయారుచేసింది. రక్తం దూరకూడదు, కుట్టు కారకూడదు, ఇవి పరీక్షించారు. మంచిదే, ప్రాణాలు నిలిచాయి. కానీ ఆ హడావిడిలో లోపలి మనిషి ఎంతసేపు తట్టుకుంటాడన్న ప్రశ్న వెనకబడింది. బట్టకు పరీక్ష జరిగింది, ఒంటికి జరగలేదు.

మన పాలు, మన హక్కు

ఈ కథ చెప్పింది గతం కోసం మాత్రమే కాదు. రెండు మాటలు చెప్పి ముగిస్తాం.

మొదటిది వృత్తి మాట. కరోనా సూట్ల బట్ట మగ్గం మీద నేసింది కాదు, పోగులు అతికించి ఒత్తిన పలక. అందులో నేతపనికి చోటు లేకపోయింది. కానీ చల్లటి అంగీ అలా కాదు. దాని గుండెకాయ బట్టే. రెండు పొరలు ఒకేసారి నేసి మధ్యలో గొట్టం పట్టేంత సొరంగం వదలడం మగ్గానికి తెలిసిన విద్యే. టవల్ నేసే సోలాపురం కార్ఖానాల్లో ఒకే మగ్గానికి రెండు పడుగులు, ఒకటి నేలకు, ఒకటి బుచ్చుకు, కట్టడం రోజువారీ పని. నీళ్ళు పట్టి ఉంచి మెల్లగా వదిలే నూలు అస్తరు మన చేతిలోని పనే. బరంపురం, సేలం, కాంచీపురం, బెంగళూరు, భివండి, ఎక్కడున్నా మన పిల్లల్లో టెక్స్‌టైల్ ఇంజనీరింగు చదువుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు నాన్న మగ్గం పక్కన ఒకసారి కూర్చుని ఈ లెక్క వేసి చూస్తే బాగుంటుందని మా ఆశ. చేతిమగ్గాన్ని ఇది రాత్రికి రాత్రి బతికిస్తుందని మేము అనడం లేదు. అలాంటి మాటలు మనం చాలా విన్నాం, చాలా మోసపోయాం. అయినా తలుపు ఒకటి తెరిచి ఉందని చెప్పడం మా బాధ్యత.

రెండోది మనిషి మాట. ఇప్పటిదాకా చల్లటి అంగీ దొరికింది ఎవరికి? చంద్రుడి మీద నడిచినవాడికి, హెలికాప్టరు నడిపేవాడికి. మురుగు కాలవలో దిగేవాడికి దొరకలేదు. రంగుల కార్ఖానాలో మరిగే తొట్టి దగ్గర రబ్బరు ఏప్రాను, చేతితొడుగులు వేసుకుని నిలబడే మన అన్నకు దొరకలేదు. సైజింగు సిలిండర్ల పక్కన పనిచేసే మన తమ్ముడికి దొరకలేదు. రేపు తక్కువ ధరకు దొరికినా ఒక జాగ్రత్త ఉండాలి. చల్లటి అంగీ ఇచ్చాం గదా, ఇంకో రెండు గంటలు చేయమని అడిగే యజమాని ఉండనే ఉంటాడు. వేడి జబ్బుకు మొదటి మందు నీడ, నీళ్ళు, మధ్యలో విశ్రాంతి. గాలి ఆడే షెడ్డు రెండోది. అంగీ ఆ తర్వాతే. 1889లో లాంకషైర్ నేతపనివాళ్ళు సాధించుకున్నది ఒక వస్తువు కాదు, ఇంతకు మించి మమ్మల్ని ఉడకబెట్టకూడదన్న హద్దు. ఆ వరస మనం మరిచిపోకూడదు.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లో 2020లో ఆ తెల్ల సూటు వేసుకున్నవాళ్ళు ఉంటే ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. ఎన్ని గంటలు వేసుకున్నారు, ఎప్పుడు నీళ్ళు తాగారు, ఎప్పుడు కళ్ళు తిరిగాయి, విప్పేటప్పుడు చేయి వణికిందా? వాళ్ళు చెప్పింది రాసి పెట్టండి. అపోలో సూటు కుట్టిన ఆడవాళ్ళ మాట చరిత్రకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. మన పిల్లల మాటకు అంత ఆలస్యం వద్దు.

మన పెద్దలు దేవతలకు వస్త్రం ఇచ్చారని చెప్పుకుంటాం, గర్వపడతాం. దేవతలకు చెమట పట్టదంటారు. మనిషికి పడుతుంది. బట్ట నేసేటప్పుడు ఆ చెమటను లెక్కలోకి తీసుకోవడం మన చేతుల్లో పనే.